పెద్దవారి పొరపాటును నొప్పించకుండా ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో పాత రైళ్ల మీద మక్కువ ఉన్న కొందరం వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ ఉంటాము. 1900లో నౌపడా నుంచి మా ఊరికి వచ్చిన పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న చిన్న రైలు లైను, అక్కడి నుంచి పొడిగించగా గుణుపురం చేరింది 1931లోనని నేను రాయగా, ఆ బండిలోనే బడికి వెళ్లిన ఒక పెద్దాయన అంతకు చాలా ముందే చేరిందని పట్టుబట్టారు. "తెలియకపోతే ఊరుకోండి" అని ఒక కుర్రవాడు అందరి ముందూ రాసేశాడు. ఆయన ఆ రోజు పెట్టిన అట్టముక్క టికెట్ల ఫొటోలన్నీ తీసేసి, అప్పటినుంచి పలకడం లేదు. సంవత్సరం విషయంలో నా మాట మార్చుకోలేను. కానీ బొగ్గు పొగ వాసనతో సహా ఆ ప్రయాణాన్ని చెప్పగలిగినది మాలో ఆయన ఒక్కరే. కుర్రవాడి చేత అక్కడే క్షమాపణ చెప్పించడం మంచిదా, లేక ఇద్దరమూ ఆయన ఇంటికి వెళ్లడం మంచిదా? ఇలాంటిది ఎదురైనవారు దయచేసి చెప్పగలరు.