జనరేట్ లూప్‌లో ఉన్న సిగ్నల్ టెస్ట్‌బెంచ్‌కి దొరకట్లేదు

లేన్4: సిస్టమ్ వెరిలాగ్‌లో (చిప్ డిజైన్ రాసి పరీక్షించే భాష) పొద్దున్నుంచీ ఇదే గొడవ. డిజైన్‌లో జనరేట్ లూప్ (ఒకే బ్లాకుని పలుసార్లు తయారుచేసేది) లోపలి నాలుగు ఫిఫోల (క్యూల) కౌంట్లని టెస్ట్‌బెంచ్ (డిజైన్‌ని పరీక్షించే కోడ్) నుంచి చదవాలి. టీబీ అంటే టెస్ట్‌బెంచ్, డట్ అంటే పరీక్షించే డిజైన్. టీబీ.డట్.లేన్[ఐ].ఫిఫో.కౌంట్ అని రాస్తే పేరు దొరకలేదని ఎలాబరేషన్‌లోనే (సిమ్యులేషన్‌కి ముందు డిజైన్‌ని కట్టే దశ) ఆగిపోతోంది. వేవ్‌ఫారమ్‌లో సిగ్నల్ కళ్లెదుటే ఉంది! స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూశాను.

సుధీర్: ఐ ఏంటి? జెన్‌వారా (జనరేట్ లూప్ లెక్కకి వాడేది), ఇంటా (మామూలు పూర్ణాంక వేరియబుల్)?

పద్మజ: ఇంత పొడుగు దారులు రాయడమే తప్పండీ. మధ్యలో ఒక్క ఇన్‌స్టన్స్ (డిజైన్‌లో వాడిన మాడ్యూల్ ప్రతి) పేరు మారితే అన్నీ విరుగుతాయి. చెకర్ మాడ్యూల్ (తనిఖీ చేసే కోడ్) రాసి ఫిఫో మాడ్యూల్‌కి బైండ్ చేయండి (బయటినుంచే తగిలించండి). పోర్టులకిచ్చే పేర్లు ఫిఫో స్కోప్‌లోనే (ఫిఫో లోపలే) టూల్ వెతుకుతుంది, దారితో పనే లేదు. ఎన్ని ఫిఫోలుంటే అన్నిటికీ అదే తగులుకుంటుంది.

లేన్4: అది తర్వాత చూస్తానండి, ఇప్పుడు నాలుగు కౌంట్లూ ప్రింటయితే చాలు. ఐ అంటే ఇనీషియల్ బ్లాక్‌లోని ఫర్ లూప్‌ది, ఇంట్.

సుధీర్: కుదరదు. అక్కడ స్థిరాంకమే ఉండాలి.

వేణు: కారణం కూడా చెప్పాలి కదా. జనరేట్ బ్లాకుల వరస మామూలు అరే కాదు. పారామీటర్‌ని బట్టి ఒక్కో బ్లాకులో వెడల్పులు, అసలు లోపలుండే వస్తువులే వేరు కావచ్చు. అందుకే దారి ఎలాబరేషన్‌లోనే తేలిపోవాలి. ఇంట్ విలువ సిమ్యులేషన్ నడిస్తేగానీ తెలియదు. టెస్ట్‌బెంచ్‌లో కౌంట్లకి ఒక అరే పెట్టి, జెన్‌వార్ లూప్‌లో ఒక్కోదానికి అసైన్ చేయండి. ఆ అరే మీద ఇంట్ లూప్ హాయిగా తిరుగుతుంది. ఇంతకీ డిజైన్‌లో ఆ బిగిన్ పక్కన కోలన్ పెట్టి పేరిచ్చారా?

లేన్4: లేదు. లోపలి ఇన్‌స్టన్స్ పేరే లేన్.

వేణు: అయితే దారి కూడా వేరే. పేరు లేని బ్లాకుకి జెన్‌బీఎల్‌కే అని, పక్కన అంకె వేసి పేరొస్తుంది. ఆ స్కోప్‌లోని జనరేట్ నిర్మాణాలన్నీ, పేరున్నవి కూడా, 1 నుంచి లెక్కలోకి వస్తాయి. పైన ఇంకో జనరేట్ ఇఫ్ చేరితే మీ అంకె జరుగుతుంది. ఐఈఈఈ 1800-2017లో 27.6 చూడండి. పేరివ్వడమే మేలు.

పద్మజ: అబ్సొల్యూట్ పాత్ (పైనుంచి మొత్తం దారి) రాసినా ఇన్ని తిప్పలు!

వేణు: టీబీతో మొదలైనంత మాత్రాన అబ్సొల్యూట్ కాదండీ. మొదటి పేరుని టూల్ ముందుగా ఆ కోడ్ ఉన్న స్కోప్‌లో, తర్వాత ఒక్కో మెట్టూ పైకి వెతుకుతుంది. దారిలో టీబీ అనే ఇన్‌స్టన్స్ తగిలితే అక్కడే దిగిపోతుంది. పైనుంచే మొదలవ్వాలంటే ముందు డాలర్ రూట్ పెట్టాలి.

పద్మజ: చాలామంది టీబీతో మొదలయ్యేదాన్ని కూడా అబ్సొల్యూట్ అనే అంటారు.

వేణు: అనడం వేరు, టూల్ వెతికే తీరు వేరు.

లేన్4: బ్లాకుకి పేరిచ్చి, జెన్‌వార్‌తో అసైన్ చేస్తే నాలుగూ వచ్చాయి. థాంక్సండి. ఫోర్స్‌కి (సిగ్నల్‌కి బలవంతంగా విలువ పెట్టడానికి) కూడా ఇదే రూలా?