బాలీలో మునిగిన ఓడ మీద డైవ్: హైదరాబాద్ నుంచి వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా?

మైనస్ నాలుగున్నర
అందరికీ నమస్తే. ఆగస్టులో ఐదు రోజులు బాలీ వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. తులంబెన్‌లో లిబర్టీ ఓడ చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఇద్దరికీ ఓపెన్ వాటర్ కార్డు ఉంది, అంటే 18 మీటర్ల లోతు వరకు దిగొచ్చు. పూల్ క్లాసులు ఇక్కడ కొండాపూర్‌లో, సముద్రంలో డైవ్‌లు కర్ణాటకలోని నేత్రాణి దీవి దగ్గర. చెరో ఆరు డైవ్‌లు అంతే. 18 మీటర్ల కార్డుతో ఆ ఓడలో ఎంత కనిపిస్తుంది? లోపలికి వెళ్లనిస్తారా? చివరి రోజు పొద్దున డైవ్ చేసి రాత్రి ఫ్లైట్ ఎక్కేలా టికెట్లు తీశాను, ఫర్వాలేదా? ఇంకోటి, నా కళ్లద్దాల పవర్ మైనస్ 4.5. పవర్ ఉన్న మాస్క్ అక్కడ అద్దెకు దొరుకుతుందా, ఇక్కడే చేయించుకోవాలా?

బుడగల రాణి
ముందు బూట్లు కొనండి. గట్టి అడుగు ఉన్నవి. అక్కడ ఇసుక ఉండదు, అన్నీ గుండ్రటి నల్లరాళ్లు, అల వచ్చినప్పుడు కాళ్ల కింద దొర్లుతాయి. వీపున సిలిండర్, నడుముకి బరువులు, చేతిలో ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు). నేను మొదటి రోజే బోర్లా పడ్డాను. చీలమండ వాచిపోయి మిగతా మూడు రోజులు గది బాల్కనీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నా. ఆ ఊరి ఆడవాళ్లు సిలిండర్లు నెత్తిన పెట్టుకుని అవే రాళ్ల మీద చెప్పులతో నడిచిపోతుంటారు. నాకు అప్పుడు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

లోతు ముప్పై
140 డైవ్‌ల అనుభవంతో చెప్తున్నా తమ్ముడూ. 18 మీటర్ల కార్డుతో అక్కడికి పోవడమంటే చార్మినార్ ఎక్కకుండా కింద గాజులు కొనుక్కుని రావడమే. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి 30 మీటర్లకి దిగు. అది రెండో ప్రపంచ యుద్ధంలో వేలకొద్దీ కట్టిన లిబర్టీ ఓడల్లో ఒకటి, అసలు అందం అంతా అడుగునే ఉంది. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) తీసుకో, గాలి ఎక్కువసేపు వస్తుంది.

తార్నాక తాబేలు
ఒక్క పోస్టులో రెండు తప్పులు.

ఆ ఓడ పేరు మాత్రమే లిబర్టీ. లిబర్టీ తరగతి ఓడలు కట్టడం మొదలైంది 1941లో. ఇది 1918లో అమెరికాలో కట్టిన సరుకుల ఓడ. 1942 జనవరి 11న లొంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. లాక్కెళ్తుంటే నీళ్లు నిండిపోయాయి, మునిగేలోపు తులంబెన్ ఒడ్డుకు ఎక్కించారు. ఇరవై ఏళ్లు ఒడ్డు మీదే ఉంది! 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది. అందుకే ఒడ్డుకి అంత దగ్గర, పడవ కూడా అక్కర్లేదు.

రెండోది నైట్రాక్స్. అందులో నత్రజని తక్కువ కాబట్టి కింద ఉండగలిగే టైమ్ పెరుగుతుంది. సిలిండర్‌లో గాలి పెరగదు. నువ్వు పీల్చేది నువ్వు పీలుస్తావు.

లోతు ముప్పై
పుస్తకాలు చదివి చెప్పకండి సార్. నేను 32 శాతం నైట్రాక్స్‌తో నలభై నిమిషాలు ఉండి వచ్చా.

తార్నాక తాబేలు
ఎంత లోతులో? అది చెప్పరు.

సిలిండర్ 11 లీటర్లు, 200 బార్ అనుకోండి. 2200 లీటర్ల గాలి. కొత్తవాళ్లు పైన నిమిషానికి ఓ 20 లీటర్లు పీలుస్తారు. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగింతలు, అంటే నిమిషానికి 80. 50 బార్ మిగుల్చుకుని పైకి రావాలి కనుక చేతిలో ఉన్నది 1650 లీటర్లు. ఇరవై నిమిషాలు! ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే డైవ్ పట్టిక మామూలు గాలితో 30 మీటర్ల దగ్గర ఇచ్చేది కూడా 20 నిమిషాలే. నైట్రాక్స్ 32తో పట్టిక 30 నిమిషాలిస్తుంది, కానీ అప్పటికే సిలిండర్ అయిపోయి ఉంటుంది. పైగా దాంతో 33 మీటర్లు దాటకూడదు. అదే 18 మీటర్ల దగ్గర పట్టిక 56 నిమిషాలు, గాలి దాదాపు అరగంట. ఓడ పైభాగం 5 మీటర్ల నుంచే మొదలవుతుంది. ఆరు డైవ్‌ల జంటను 30కి తోయడం ఎందుకు?

మియాపూర్ మొసలి
అన్నా లెక్క అదిరింది. ఫ్లైట్ గురించి భయపడకండి, మా బావమరిది పొద్దున డైవ్ చేసి సాయంత్రం విమానం ఎక్కాడు. ఏం కాలేదు.

బుడగల రాణి
మీ బావమరిదికి ఏం కాలేదని ఇంకొకరి ప్రాణంతో పందెం కడతారా? ఒంట్లో చేరిన నత్రజని బయటికి పోవాలంటే, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి. ఒక్క డైవ్‌కే 12. ఇది ఓపెన్ వాటర్ క్లాసులో చెప్పే మాట! ఆ రాత్రి ఫ్లైట్ మార్చుకోండి, లేదా చివరి రోజు గుళ్లు చూసుకోండి.

మియాపూర్ మొసలి
కూల్ మేడమ్. జరిగింది చెప్పాను, సలహా ఇవ్వలేదు.

నిదానమే
విమానం ఒక్కటే కాదు. డైవ్ అయ్యాక కారులో కింతామణి మీదుగా ఉబుద్ వెళ్దాం అంటాడు డ్రైవర్. ఆ రోడ్డు దాదాపు 1500 మీటర్ల ఎత్తు వరకు ఎక్కుతుంది. అది కూడా ఎత్తుకి పోవడమే. తీరం వెంట ఉన్న రోడ్డు తీసుకోమనండి, అగ్నిపర్వతం ఫొటోలు వచ్చే రోజు తీసుకోవచ్చు. నేను డ్రైవర్‌తో అరగంట వాదించాల్సి వచ్చింది.

వైజాగ్ వాస్కో
ఇండోనేషియా దాకా ఎందుకండీ. మా వైజాగ్ తీరంలోనే ఘాజీ ఉంది.

తార్నాక తాబేలు
అది పాకిస్తాన్ జలాంతర్గామి, 1971 డిసెంబర్‌లో సిబ్బందితో సహా మునిగింది. అంటే సమాధి. సరదాగా దిగే చోటు కాదు, దిగనివ్వరు కూడా.

వైజాగ్ వాస్కో
దిగుదామని ఎవరన్నారు? ఉంది అన్నాను. అదీ అమెరికావాళ్లు కట్టిందే, పాత పేరు డయాబ్లో. ముంచింది మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్.

మియాపూర్ మొసలి
పాకిస్తాన్‌వాళ్లేమో లోపలే పేలింది అంటారు కదా.

వైజాగ్ వాస్కో
వాళ్లు అంటారు. మీరు నమ్మండి.

సైనిక్‌పురి అంకుల్
మునగడం గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి గుర్తొచ్చింది. 1990 మార్చిలో మన హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి విగ్రహం బార్జ్‌తో సహా నీళ్లలో పడిపోయింది. ప్రాణాలు కూడా పోయాయి. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద జనం ఇంకా కళ్ల ముందు ఉన్నారు. 1992 డిసెంబర్‌లో మళ్లీ నిలబెట్టారు. ఆ నీళ్లలో చెయ్యి పెడితే చెయ్యి కనపడదు, అలాంటి చోట పని చేసిన డైవర్లకు దండం పెట్టాలి. మీరంతా చేపల ఫొటోల కోసం లక్షలు పెడుతున్నారు.

లోతు ముప్పై
అంకుల్, లింక్ ఏంటి?

అసలు విషయానికి వద్దాం. లోపలికి తప్పకుండా వెళ్లు తమ్ముడూ. నేను దారి తప్పకుండా కట్టుకునే తాడు రీలూ గీలూ లేకుండా వెనక గది దాకా పోయొచ్చా. అంతా విరిగి తెరుచుకునే ఉంది.

నిదానమే
ఇది చదివి ఊరుకోలేను. తెరుచుకుని ఉన్న చోట, వెలుతురు కనపడే చోట, గైడ్ ముందు ఉండగా ఈదుకుంటూ అటు నుంచి ఇటు రావడం వేరు. "వెనక గది" వేరు. ఫిన్ ఒక్కసారి అడుగుకు తగిలితే మడ్డి లేస్తుంది, వచ్చిన దారి మాయం. వేరే ఓడలో నాకు జరిగింది. రెండు నిమిషాలు. బడ్డీ (జతగా దిగిన డైవర్) టార్చ్ అడ్డంగా ఊపకపోతే ఈ పోస్టు రాసేవాడిని కాదు. రెక్ కోర్సు, అంటే మునిగిన ఓడల్లో డైవ్ చేసే కోర్సు, చేసినవాళ్లకే నియమం ఉంది: పగటి వెలుగు దాటకూడదు, లోతూ లోపలి దూరమూ కలిపి పైనుంచి 40 మీటర్లు మించకూడదు. గాలిలో మూడో వంతు అయ్యేసరికి వెనక్కి తిరగాలి. ఈయన 140 డైవ్‌లలో ఇది ఎవరూ చెప్పలేదా?

లోతు ముప్పై
భయపడేవాళ్లు పూల్‌లోనే ఉండండి. నేను పోతున్నా ఇక్కడ్నుంచి.

బుడగల రాణి
హమ్మయ్య.

పొద్దున ఆరింటికే దిగండి. తొమ్మిది దాటితే దక్షిణం నుంచి వ్యాన్లు దిగుతాయి, ఓడ మీద చేపల కంటే మనుషులు ఎక్కువ. తెల్లవారుజామున నుదుటి మీద బుడిపె ఉన్న పెద్ద చిలక చేపలు గుంపుగా ఉంటాయి, ఆవుల మందలాగా. చీలమండ వాచకపోతే మళ్లీ చూసేదాన్ని.

మైనస్ నాలుగున్నర
అందరికీ థాంక్స్. టికెట్ మరుసటి రోజు సాయంత్రానికి మార్చాను, ఛార్జీ బాగానే పడింది. ఇద్దరం 18 లోపే ఉంటాం, లోపలికి గైడ్ చూపించినంత వరకే. బూట్లు కొన్నాం. మాస్క్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని దిగొచ్చా?

వైజాగ్ వాస్కో
ఘాజీ లోపల పేలింది అన్నాయన, ఆధారం చూపించండి. ఇంకా జవాబు రాలేదు.