24 వోల్టుల లారీలో ఒక్క బ్యాటరీ మీంచి 12 లాగడం తప్పా కాదా?

మిర్చిలోడు
అన్నలందరికీ నమస్తే. మాది గుంటూరు సైడు, పది టైర్ల బండి ఒకటుంది, ఓనర్నీ నేనే డ్రైవర్నీ నేనే, ఎక్కువగా యార్డులో మిర్చి వేసుకుని నాగపూర్ మీదుగా పైకి పోతుంటా. 130 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లు ఇంటూ గంటలు) 12 వోల్టుల బ్యాటరీలు రెండు, సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపితే 24. బండి కొన్నాక లోకల్ ఎలక్ట్రీషియన్ ఒకాయన పాటల సెట్టు, క్యాబిన్ ఫ్యాను, మొబైల్ చార్జరు, వెనక కెమెరా అన్నీ 12 వోల్టులవే అని ఎర్త్ వైపు (మైనస్ బండి బాడీకి కలిసిన) బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు లాగి ఇచ్చాడు. ఇప్పుడు రెండేళ్లలో రెండో జత పోయేట్టుంది. ఎర్త్ వైపుది పొద్దున్నే సెల్ఫ్ కొట్టేసరికి నీరసపడిపోతోంది, సెల్ఫ్ మోటారు వైపు, అంటే 24 ప్లస్ ఉన్న దాంట్లోనేమో నెలకోసారి నీళ్లు పోయాల్సొస్తోంది, మూతల చుట్టూ యాసిడ్ తడి, వాసన. బ్యాటరీలు చార్జ్ చేసే డైనమో చెడిందేమో చూడమంటే బాగానే ఉందన్నారు. ఆ వైరు వల్లే అని ఒకరు, దానికీ దీనికీ సంబంధం లేదని ఇంకొకరు. మా బావమరిది ఒక వీడియో చూపించి ప్లస్ ప్లస్ కలిపి మైనస్ మైనస్ కలిపి మధ్యలో ఐసొలేటర్ (బ్యాటరీల్ని కలిపి విడదీసే రిలే) పెడితే రాత్రంతా ఫ్యాను తిరుగుద్ది అంటున్నాడు. మళ్లీ కొంటే రెండూ కలిపి ఇరవై వేలు దాటుద్ది, కాబట్టి ఈసారన్నా సరిగ్గా చేయిద్దామని అడుగుతున్నా.

పాత స్టీరింగు
తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు బండి నడిపినోణ్ణి. అప్పట్నుంచీ ప్రతి లారీలో సెట్టుకి ఒక బ్యాటరీ మీంచే ఇచ్చేవాళ్లు, ఎవరి బ్యాటరీ ఆ వైరు వల్ల పోలా. నీళ్లు చూసుకోకపోతే పోద్ది, బిగింపు వదులైతే పోద్ది. నేను చేసేది ఒక్కటే, మూణ్ణెల్లకోసారి ఈ బ్యాటరీని ఆ చోట పెట్టి ఆ బ్యాటరీని ఈ చోట పెడతా, రెండూ సమానంగా అరుగుతాయి. నా జత మూడున్నరేళ్లు వచ్చింది. 24 ని 12 చేసే కన్వర్టర్లూ అవీ షాపులోళ్లు అమ్ముకోటానికి చెప్పే మాటలు.

ఆటోనగర్ వైర్‌మ్యాన్
బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఈ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఈ కేసు నా షెడ్డుకి నెలకి నాలుగైనా వస్తాయి, లక్షణాలు అచ్చం ఇవే, ఒకటి ఎప్పుడూ నిండదు, ఒకటి పొంగుతుంది.

మిర్చిలోడు గారూ, ఎందుకో చూడండి. సిరీస్‌లో చార్జింగ్ కరెంటు ఒకటే, అదే రెండు బ్యాటరీల్లోంచీ పోతుంది. రాత్రి ఫ్యాను రెండు ఆంపియర్లు, చార్జరు ఒకటి అనుకుందాం, ఎనిమిది గంటలకి 24 ఏహెచ్ ఒక్క ఎర్త్ వైపు దాంట్లోంచే పోయింది, రెండోది నిండుగా అలాగే ఉంది. పొద్దున బండి స్టార్ట్ చేశారు, ఆ 24 వెనక్కి రావాలంటే అదే 24 నిండుగా ఉన్న దాంట్లోంచి కూడా పోవాలి కదా. రెండు బిందెలు పక్కపక్కన పెట్టి ఒకే ధార పట్టినట్టు, సగం ఉన్నది నిండేలోపు నిండుగా ఉన్నది పొర్లుతుంది. ఆ పొర్లేదే మీకు కనపడే యాసిడ్ తడి. డైనమో వోల్టేజ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్‌కి ఇదేం తెలీదు, దానికి కనపడేది మొత్తం 28 మాత్రమే, ఆ 28 లో 14, 14 ఉందా, 13, 15 ఉందా అనేది అది చూడదు. 15 వోల్టులు రోజూ తింటే బ్యాటరీ ఉడికిపోతుంది, 13 దగ్గర ఆగిపోయింది ఎప్పటికీ నిండక ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేట్ కట్టేస్తుంది. డైనమో బాగుందనే మాట కూడా నిజమే, అది చేసేది అది సరిగ్గానే చేస్తోంది.

ఒక్క పని చేయండి. మల్టీమీటర్ తీసుకుని రాత్రి ఆపిన బండికి పొద్దున స్టార్ట్ చేయకముందు ఒక్కో బ్యాటరీ విడివిడిగా చూడండి, తర్వాత ఇంజను పావుగంట నడిచాక మళ్లీ విడివిడిగా చూడండి. నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

డాలస్ ట్రక్ షాపు
అందరికంటే ముందు ఆ వీడియో సంగతి చెప్పాలి, దయచేసి మీ బావమరిదిని ఆపండి. నేను ఇక్కడ ట్రక్కుల వర్క్‌షాప్‌లోనే చేస్తా. అమెరికాలో పికప్పే కాదు పెద్ద ట్రక్కులు కూడా 12 వోల్టుల సిస్టమే, మూడు నాలుగు బ్యాటరీలు పారలల్‌లో ఉంటాయి. అందుకే ఇక్కడి వీడియోల్లో ప్లస్‌కి ప్లస్ కలుపుతారు, మధ్యలో పెట్టే రిలే 13.3 వోల్టుల దగ్గర కలిసి, ఇంజను ఆగి వోల్టేజ్ పడిపోతే విడిపోతుంది, దాంతో స్టార్టింగ్ బ్యాటరీ మిగులుతుంది. అది మీ బండిలో చేస్తే ఏమవుతుందంటే, మీకు ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి ఆల్రెడీ లింకు ఉంది, ఇప్పుడు ప్లస్‌లు రెండూ కలిపారంటే సెల్ఫ్ వైపు బ్యాటరీ ప్లస్సూ మైనస్సూ డైరెక్టుగా కలిసినట్టే. ఇంత బ్యాటరీ షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్ల పైన పోతుంది, కేబుల్ ఎర్రగా కాలుతుంది, పైగా పొంగే బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది, గాల్లో 4 శాతం ఉంటే చాలు నిప్పురవ్వకి పేలుద్ది. బొలేరో పికప్పు లాంటి 12 వోల్టుల బండికైతే ఆ వీడియో పనికొస్తుంది, లారీకి కాదు.

పాత స్టీరింగు
ఆ వీడియో తప్పని నేనూ ఒప్పుకుంటా. కానీ వైర్‌మ్యాన్ బాబూ, నా బండి మూడున్నరేళ్లు ఎలా వచ్చింది మరి? లెక్క కాగితం మీద బాగానే ఉంది, రోడ్డు మీద నేను చూసింది వేరు.

ఆటోనగర్ వైర్‌మ్యాన్
అడిగారు కాబట్టి అడుగుతున్నా, మీ బండిలో ఏమేం ఉండేవి బాబాయ్? ఒక సెట్టు, అదీ బండి నడిచేటప్పుడు. రోజుకి రెండు మూడు ఏహెచ్ కూడా లాగి ఉండదు, అంత తేడా పెద్దగా బాధించదు, పైగా మీరు మార్చి పెట్టేవాళ్లు కాబట్టి ఉన్న తేడా కూడా సర్దుకుంది. అది నిజంగా పనిచేసే పద్ధతే, కాదనను. ఇప్పటి క్యాబిన్ వేరు, ఫోన్లు రెండు, కెమెరా, జీపీఎస్, ఫ్యాను, కొంతమంది చిన్న ఫ్రిజ్ కూడా పెడుతున్నారు. ఈ లోడుకి మూణ్ణెల్లకోసారి మారిస్తే మొదటి నెల్లోనే నష్టం అయిపోతుంది. ఊడదీసిన ప్రతిసారీ స్పానర్ జారి ప్లస్‌కీ ఛాసిస్‌కీ తగిలే రిస్కు ఇంకోటి.

జగిత్యాల దుబాయ్
నేను ఇక్కడ ట్రేలర్ నడుపుతున్న, పదకొండేండ్లాయె. మా యూరప్ బండ్లు గూడ 24 వోల్టులే, కానీ డ్యాష్‌బోర్డుల 12 వోల్టుల సాకెట్ కంపెనోళ్లే ఇస్తరు, దాని ఎనక 24 నుంచి 12 చేసే కన్వర్టర్ ఉంటది, బ్యాటరీ నడిమి నుంచి వైరు గుంజుడు ఎక్కడ సూడలే. గంత పెద్ద కంపెనోళ్లు ఒక వైరుతోటి అయ్యేదానికి కన్వర్టర్ ఎందుకు పెడ్తరు అన్నా, ఆలోచించున్రి. ఊర్ల మా తమ్మునికి టిప్పర్ ఉంది, ఆడు గూడ గిట్లనే గుంజిండు, బ్యాటరీకాడ ఫ్యూజు లేదు. ఆ వైరు క్యాబిన్ కింద రేకుకు రాసుకుని రాసుకుని పైపొర పోయింది, ఒకనాడు అడ్డమీద నిలబెట్టిన బండిల పొగ లేసింది. తమ్ముడు దగ్గర్నే ఉండె గనుక బతికిపోయింది, సీటు కింద మొత్తం కాలింది. బ్యాటరీ పోతే ఇంకోటి కొంటం, గది ముచ్చట కాదు, క్యాబిన్ల మనిషి పండుకుని ఉంటే ఏంది?

మిర్చిలోడు
జగిత్యాల అన్నా, నీ పోస్టు చదివి వెంటనే కిందికి దిగి చూశా. నాక్కూడా బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు, సెట్టు వెనక మాత్రం ఒకటి ఉంది. వైరు రేకు కన్నంలోంచి రబ్బరు లేకుండానే పోయింది. ఇప్పటికైతే ఆ వైరు పీకేశా, రాత్రి ఫ్యాను లేకుండానే పడుకున్నా.

పీకకముందు రీడింగులు తీశా. స్టార్ట్ చేయకముందు ఎర్త్ వైపుది 12.1, సెల్ఫ్ వైపుది 12.7. ఇంజను నడిచాక ఎర్త్ వైపుది 13.3, సెల్ఫ్ వైపుది 14.9. మొత్తం 28.2.

ఆటోనగర్ వైర్‌మ్యాన్
ఇంతకంటే చెప్పడానికేం లేదు. 12.7 అంటే నిండుగా ఉన్నట్టు, 12.1 అంటే సగం కూడా లేనట్టు. 28.2 చూసిన ఎవరైనా చార్జింగ్ సూపర్ అంటారు, విడివిడిగా చూస్తేనే రోగం దొరికింది. మంచి పని చేశారు వైరు పీకి.

సెట్టు దగ్గర ఫ్యూజు పెట్టి సరిపెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది కాపాడేది సెట్టుని. వైరుని కాపాడాలంటే బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకి ముందున్న ముక్కకి రక్షణ లేదు. సైజు కూడా వైరు మోసేదాన్ని బట్టి వేయాలి, సన్న వైరుకి 40 ఆంపియర్లది వేస్తే ఫ్యూజు ఉండి కూడా లేనట్టే. ఊడదీసేటప్పుడు ఎర్త్ ముందు తీయండి, బిగించేటప్పుడు ఎర్త్ ఆఖర్న. బండి బీఎస్ 6 అయితే ఇగ్నిషన్ ఆపాక రెండు మూడు నిమిషాలు ఆగి అప్పుడు తీయండి, పొగ శుభ్రం చేసే యూరియా పంపు లైనులో ఉన్నది వెనక్కి లాగేసుకోవాలి, మధ్యలో కరెంటు పోతే లైనులో గడ్డకట్టి అదో ఖర్చు.

ఏసీ కోచ్ మెకానిక్
మేం బస్సుల్లో ఈక్వలైజర్ వాడతాం, దాని గురించి ఎవరూ అనట్లేదేంటి. 24 కీ, మధ్య 12 కీ, ఎర్త్‌కీ మూడు వైర్లు, రెండు బ్యాటరీల మధ్య తేడా రాగానే తనే సర్దుతుంది. 12 వోల్టుల లోడు పెద్దదైతే, ఒక్కోసారి ఒక్కసారిగా ఎక్కువ లాగేవి ఉంటే ఇదే బెస్టు, బ్యాటరీ కూడా తోడుంటుంది కాబట్టి.

డాలస్ ట్రక్ షాపు
ఈక్వలైజర్ మంచిదే, కానీ సొంత బండికి నేను కన్వర్టరే చెప్తా. ఈక్వలైజర్ ఫ్యూజు పోయిందనుకోండి, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పాత కథే మళ్లీ మొదలైనట్టు ఎవరికీ తెలీదు, బ్యాటరీ పోయాకే తెలుస్తుంది. కన్వర్టర్ పోతే ఫ్యాను ఆగిపోతుంది, వెంటనే తెలుస్తుంది. మీ బస్సులకి వారానికోసారి చూసే మెకానిక్ ఉంటాడు, మిర్చిలోడు గారికి ఎవరున్నారు? ఇంకో లాభం, కన్వర్టర్ క్యాబిన్‌లో పెడితే పొడుగు వైరులో 24 వోల్టులే పోతాయి, కరెంటు సగమే కాబట్టి వైరు వేడి, వోల్టేజ్ పడిపోవడం రెండూ తక్కువ. ఒకటి గుర్తుంచుకోవాలి, కన్వర్టర్ రెండు బ్యాటరీల్నీ సమానంగా ఖాళీ చేస్తుంది అంతే, ఖాళీ అవ్వకుండా ఆపదు, కాబట్టి 24 కింద పడగానే కట్ అయ్యేది కొనండి, లేకపోతే ధాబా ముందు బండి తోయించుకోవాలి.

జగిత్యాల దుబాయ్
ఏసీ సంగతి గూడ చెప్తా ఎందుకంటే మస్తు మంది అడుగుతున్నరు. 2025 నుంచి కొత్తగ తయారైతున్న లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేసిన్రు, మంచిదే, కానీ ఇంజను బెల్టు మీద నడిచే ఏసీ ఇంజను బంద్ చేస్తే బందే. గందుకని బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీ పెట్టిస్తున్నరు. 24 వోల్టుల మీద 25 ఆంపియర్లు గుంజినా ఎనిమిది గంటలకు 200 ఏహెచ్. నీ 130 జత మొత్తం పిండినా సరిపోదు, బండి స్టార్ట్ చేసే బ్యాటరీ ఏదైనా పల్చటి ప్లేట్లది, ఒక్కసారి గట్టిగ గుంజెతందుకు చేసింది, రాత్రంత మెల్లగ గుంజితే తొందరగ సస్తది. గది పెట్టాల్నంటే దానికి వేరే బ్యాటరీలు, వేరే చార్జరు, అన్నీ వేరే.

పాత స్టీరింగు
రీడింగులు చూశా. 14.9 అంటే ఎక్కువే, అది ఆ వైరు పనే, నేను కాదనను. నా రోజుల్లో ఇన్ని సామాన్లు లేవన్నది కూడా నిజమే. కానీ ఒక మాట, సెల్ఫ్ వైపుది ఇంకా సెల్ఫ్ కొడుతోందిగా, ఎర్త్ వైపుది ఒక్కటి కొత్తది వేయించుకో తమ్ముడూ, సగం డబ్బు మిగులుద్ది.

ఆటోనగర్ వైర్‌మ్యాన్
దీనికి మాత్రం అస్సలు ఒప్పుకోను బాబాయ్. పాతదీ కొత్తదీ సిరీస్‌లో పెడితే రెండూ ఒకేలా నిండవు ఒకేలా ఖాళీ అవ్వవు, వైరు లేకుండానే అదే తేడా మళ్లీ మొదలవుతుంది. అయినా పారేయకముందు రెండిట్నీ విడివిడిగా 12 వోల్టుల చార్జరు మీద ఒక రాత్రి పూర్తిగా ఎక్కించి, హైడ్రోమీటరుతో (యాసిడ్ చిక్కదనం చూసేది) అన్ని సెల్స్ చూడండి. ఒక సెల్ మాత్రం బాగా కిందకుంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, అన్నీ సమానంగా పైకొస్తే ఇంకొన్నాళ్లు నడుస్తాయి. కొంటే మాత్రం జత, ఒకే కంపెనీ, ఒకే ఏహెచ్, తయారీ నెల కూడా ఒకటే చూసి కొనండి.

పాత స్టీరింగు
ఉన్న డబ్బుతో ఒకటి వేసి ఆర్నెల్లు బండి నడిపినోళ్లని వందమందిని చూశా. కిరాయి లేనప్పుడు జత జత అంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మిర్చిలోడు
బాబాయ్, ఆ బాధ నాకు తెలుసు, అందుకే ముందు చార్జింగ్ పెట్టించా. ఎర్త్ వైపు దాంట్లో ఐదు సెల్స్ 1.240 పైన వచ్చాయి, ఒకటి 1.150 దగ్గరే ఆగింది. సెల్ఫ్ వైపుది ఆరూ బాగానే ఉన్నాయి కానీ నీళ్లు చాలా తగ్గి ప్లేట్లు కొద్దిగా బయటపడ్డాయి. కాబట్టి ఈ మిర్చి లోడు దింపి వచ్చాక జత మారుస్తా, అప్పటిదాకా 12 వోల్టుల సామాను ఏదీ కలపను, ఫోను ధాబాలో పెట్టుకుంటా. 24 నుంచి 12 కి 20 ఆంపియర్ల కన్వర్టర్ చెప్పి వచ్చా. బ్యాటరీ దగ్గర 15 ఆంపియర్ల ఫ్యూజు, 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, మీద ఫ్లెక్సిబుల్ పైపు, రేకు కన్నానికి రబ్బరు. వైర్‌మ్యాన్ గారూ, కన్వర్టర్ సీటు వెనక దుప్పట్లు పెట్టే చోట బిగిస్తానంటున్నాడు మా ఎలక్ట్రీషియన్, అది వేడెక్కుద్దా?

ఆటోనగర్ వైర్‌మ్యాన్
వేడెక్కుతుంది, అక్కడ వద్దు. డ్యాష్‌బోర్డు కింద క్లీనర్ సైడు రేకుకి రెక్కలు నిలువుగా ఉండేట్టు బిగించమనండి, గాలి తగలాలి.