వెండి బిందె తీసుక... వెలదా, వనితా?

కపిలతీర్థం రోడ్డు:
నాలుగు రోజులుగా ఒక పాట ముక్క నోట్లో ఆడుతోంది, పూర్తిగా రావడం లేదు. నిరుడు పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, మా పై అంతస్తులో అద్దెకున్న హన్మకొండ వాళ్ళు బతుకమ్మ పేర్చారు. తంగేడు కొండ కింద కావలసినంత ఉంది కానీ గునుగు ఇక్కడి పూల అంగళ్ళలో దొరకలేదని ఊరినుంచి బస్సులో తెప్పించుకున్నారు. పాడిన వాటిల్లో "చిత్తు చిత్తుల బొమ్మ శివుని ముద్దుల గుమ్మ" ఒకటి. పాట మీ అందరికీ తెలిసిందే. రాగి బిందె తీసుక రమణి పోతే రాములోరు, ముత్యాల బిందె ముదితకు ముద్దుకృష్ణుడు, మధ్యలో మన సామి ఎదురవుతాడు. తిరుపతిలో మేడ మీద నిలబడి "వెంకటేశుడెదురాయె" అని వింటే ఒళ్ళు జలదరించింది. ఆ చరణంలోనే ఒక మాట తేలడం లేదు. "వెండి బిందె తీసుక ... నీళ్ళకు పోతే". ఆ చుక్కల చోట వెలది అని నాకు గుర్తు, మా ఆవిడేమో వనిత అని గట్టిగా చెబుతోంది. వాళ్ళు ఇల్లు మారిపోయారు. ఏది సరి?

యతిస్థానం:
వెలది. సందేహం అక్కర్లేదు. పాట మొత్తం యతి మీద, అంటే మొదటి అక్షరాల పొందిక మీద నడుస్తుంది, ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. రాగికి రమణి (రా, ర), బంగారుకు భామ (బ, భ), పగడాలకు పడతి, ముత్యాలకు ముదిత. వెండికి వెలది అయితేనే వె, వె కుదురుతాయి. వనిత పెడితే ఎకారానికి అకారం, ఆ రెంటికీ స్వరమైత్రి లేదు. పల్లవిలోనూ అంతే, చిత్తుకు శివుడు, చి, శి. చకారానికి శకారానికి మైత్రి ఉందని చదువురాని అమ్మలక్కలకు ఎవరు చెప్పారు? చెవి చెప్పింది. మాత్రలు కూడా లెక్కపెట్టండి, చిత్తు చిత్తుల బొమ్మ 3, 4, 3, శివుని ముద్దుల గుమ్మ 3, 4, 3. బిందె మారినప్పుడు ముందు భాగం సాగుతుంది కానీ ఆడమనిషి మాట మాత్రం ఎప్పుడూ మూడు మాత్రలే.

ఓరుగల్లు కోడలు:
నేను పుట్టింది వరంగల్ పక్కన, మెట్టింది తిరుచానూరు, కాబట్టి నాకూ కొంచెం హక్కుంది. మా వాడలో రెండూ విన్నాను. మా పెద్దమ్మ మాత్రం వెలది అననిచ్చేది కాదు, వెలయాలు గుర్తొస్తుంది, గౌరమ్మ ముందర ఆ మాటేంది అనేది. అందుకని మా ఇంట్లో ఆడపిల్లలందరికీ వనితే అలవాటైంది. యతిస్థానం గారు చెప్పిన లెక్క బాగానే ఉంది, అయినా నన్ను చిన్నప్పటినుంచి సతాయించేది ఆ మాట కాదు, మొదటి మాట. చిత్తు అంటే ఏంటి? చిత్తు కాగితం తెలుసు, చిత్తుగా ఓడిపోవడం తెలుసు. చిత్తు బొమ్మ అంటే?

యతిస్థానం:
పెద్దమ్మగారి భయం అర్థమవుతుంది కానీ వెలదిలో వెల ధర కాదమ్మా. వెల్ల, వెలుగు, వెన్నెల, ఆ వరసలోది అని నా నమ్మకం. వెలుగు లాంటి మనిషి వెలది. వెండి పక్కన అంతకన్నా బాగా అమరే మాట తెలుగులో ఇంకోటి లేదు.

చిత్తూరు బెల్లం:
చిత్తు సంగతి నేను చెబుతా. మా ఊరి పేరే సాక్ష్యం. చిత్తూరు అంటే చిన్న ఊరు. అరవంలో చిట్రూర్ అని రాస్తారు, నోటితో చిత్తూర్ అంటారు. గాలిని కాట్రు అని రాసి కాత్తు అన్నట్టే. మా ఇళ్ళల్లో రెండు భాషలూ పొయ్యి దగ్గరే నేర్చుకుంటాం కాబట్టి ఇది మాకు పుస్తకం చూసి తెలిసింది కాదు. చిత్తు చిత్తుల బొమ్మ అంటే చిన్ని చిన్ని బొమ్మ. గౌరమ్మ ఎంతుంటుంది? బొటనవేలంత పసుపు ముద్ద. "బంగారు బొమ్మ దొరికెనమ్మో ఈ వాడలోన" అని వెంటనే వస్తుంది చూడండి, దొరికింది అంటే చేతిలో పట్టేంత చిన్నదే కదా. పైగా చాలామంది చిత్తూ అని దీర్ఘం తీసి పాడతారు, అది వింటే నాకు మా ఊరి పేరే వినిపిస్తుంది.

యతిస్థానం:
ఊరి మీద ప్రేమ మంచిదే కానీ అది అచ్చు ముందు వచ్చే రూపం అన్నా. ఊర్ లో ఊ ఉంది కాబట్టి చిఱు కాస్తా చిట్ర్ అయింది. హల్లు ముందు చిఱుగానే ఉంటుంది, మన చిఱునవ్వు, చిఱుగాలి లాగా. బొమ్మ ముందు చిత్తు ఎలా వస్తుంది? ఇక దీర్ఘం రాగం కోసం తీసింది. చిత్తూ అని లెక్కపెడితే నాలుగు మాత్రలు, తూకం పోతుంది.

చిత్తూరు బెల్లం:
బొమ్మ ముందు ఉన్నది చిత్తుల కదా, చిత్తు కాదు. ఆ ముందు చిత్తు పక్కన ఇంకో చిత్తు ఉంది. జనం నోట్లో మాట జంటయ్యేటప్పుడు మీ సూత్రం అక్కడే కాపలా కాస్తుందా?

తొండవాడ మాస్టారు:
ఇద్దరూ దూరం పోతున్నారు. చిత్రానికి వికృతి చిత్తరువు. చిత్తరు బొమ్మ అని పాత కావ్యాల్లో కొల్లలు. చిత్ర చిత్రాల బొమ్మ అనాలంటే అయిదు మాత్రలై నాలుక తట్టుకుంటుంది, అందుకని చిత్తు చిత్తుల అయింది. అర్థం కూడా ఎదురుగా కనిపిస్తుంది. తెల్లటి గునుగును ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముంచి ఆరబెట్టి, తంగేడు పసుపు వరస, రంగు గునుగు వరస, బంతి వరస, మధ్యలో కట్లపూల ఊదా, అలా గోపురంలాగా పైకి పేరుస్తారు. దాన్ని చూసిన మనిషి చిత్రం అనక ఏమంటాడు?

ఓరుగల్లు కోడలు:
మాస్టారూ, మీ వర్ణనకు దండం. కానీ ఆ పాటలో బొమ్మ బతుకమ్మ కాదు, గౌరమ్మ. శివుని ముద్దుల గుమ్మ ఎవరు? తాంబాలంలో గుమ్మడాకులు పరిచి పూలన్నీ పేర్చాక చిట్టచివర పైన పెట్టేది గౌరమ్మను, ఆమె ఒంటి మీద రంగుల వరసలు ఉండవు, పసుపు ఒక్కటే. మా అమ్మమ్మ చెప్పిన అర్థం వేరు. పసుపు కొమ్ము చిత్తు చిత్తు అయ్యేదాకా దంచితేనే ముద్ద వస్తుంది, ముద్దయితేనే బొమ్మ. నలిగి నలిగి అమ్మవారైంది అనేది. ఆమె పసుపు దంచుతూనే చెప్పింది కాబట్టి నాకు ఆ చప్పుడుతో సహా గుర్తుంది. వ్యాకరణం ఒప్పుకుంటుందో లేదో మీరు చెప్పండి.

యతిస్థానం:
చిత్తు అంటే నలిగినది అనే అర్థం ఉంది. ఇప్పటిదాకా వచ్చినవాటిల్లో ఇదొక్కటే మాటను మార్చకుండా అర్థం చెప్పింది. నేను దీనికే మొగ్గుతాను, పూర్తిగా కాదు.

పూలబావి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పెత్రమాస నాటిది ఎంగిలిపూల బతుకమ్మ అంటారు కదా, ఆ పేరు నాకు మింగుడు పడటం లేదు. మేము కొండ మీద పెరిగినవాళ్ళం. తిరుమలను వైష్ణవులు పుష్పమండపం అంటారు, అక్కడ పూసిన ప్రతి పువ్వూ స్వామిది, ఆడవాళ్ళు తలలో పెట్టుకోరు. రామానుజుల మాట మీద అనంతాళ్వారు వచ్చి తోట వేసింది అందుకే. తీసేసిన నిర్మాల్యం కూడా ఎవరికీ ఇవ్వకుండా పూలబావిలో వేసేవాళ్ళు, నా పేరు అదే. కార్తీకంలో శ్రవణం రోజు పుష్పయాగం చూశారా? 15వ శతాబ్దంలో ఉండి ఆగిపోయిన సేవను 1980లో మళ్ళీ మొదలుపెట్టారు, టన్నుల కొద్దీ పూలు వస్తాయి, బ్రహ్మోత్సవాల్లో దొర్లిన లోపాలకు అది ప్రాయశ్చిత్తం. అన్ని పూలలో ఒక్కటి కూడా ఎవరూ వాసన చూడరు. అలాంటిది పూలపండుగ మొదటి రోజుకే ఎంగిలి అని పేరా?

ఓరుగల్లు కోడలు:
అడిగారు కాబట్టి చెబుతున్నా, తప్పుగా అనుకోవద్దు. పూలు ముందురోజే కోసుకొచ్చి నీళ్ళు చిలకరించి పెడతాం, రాత్రి నిద్ర చేసిన పూలు గనక ఎంగిలి అంటారు. ఇంకొందరు పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకుని తిన్నాకే పేరుస్తాం కాబట్టి అంటారు. ఎంగిలి అంటే మాకు మైల కాదు. ఆ రోజు నుంచి అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అని వరసగా పోయి, ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చం, మళ్ళీ వేపకాయలు, వెన్నముద్దలు, అష్టమి నాడు సద్దులు. అలిగే దేవత, ఎంగిలి పట్టించుకోని దేవత, మా ఇంటి పిల్ల లాంటిది. మీ స్వామి మడి మీది, మా తల్లి చనువు మాది. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక ఊరూరా పెద్ద మైదానాల్లో ఆడుతున్నారు, సంతోషమే, కానీ మైకు పెట్టాక ఒకరు పాడితే అందరూ అందుకోవడం తగ్గింది. ఈ చిత్తులూ వెలదులూ మరుగున పడేది అక్కడే.

తాళ్ళపాక దారి:
ఇంతసేపూ తిరుపతి వాళ్ళు మాట్లాడుకుంటూ అన్నమయ్యను తలవలేదు! చిత్తు అంటే చిత్తం. "చిత్తజ గురుడ ఓ శ్రీ నరసింహా" గుర్తుందా? చిత్తజుడు మన్మథుడు. ఆ మన్మథుణ్ణి కాల్చిన శివుడి చిత్తంలోనే కూర్చున్న బొమ్మ గౌరి, అందుకే చిత్తు పక్కన శివుడు. యతి కోసం మాత్రమే పెట్టిన మాట కాదు. ఇక బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో, చందమామ అని అందుకుంటారు కదా, ఆ వరసలన్నీ అన్నమయ్య 1408, 1503 మధ్య బతికిన కాలానికే జనం నోట ఉన్నాయి. సువ్వి, గొబ్బి, ఉయ్యాల, చందమామ, ఏవీ వదల్లేదు ఆయన. "జగడపు చనవుల జాజర" తీసుకోండి, తెలంగాణలో కాముని పున్నమికి పిల్లలు జాజిరి అని పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు, ఆ జాజిరీ ఈ జాజరా ఒకటే అని నాకు గట్టి నమ్మకం. 1922లో కొండ మీద ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు బయటపడకపోయి ఉంటే ఇవి పల్లెల్లోనే పుట్టి పల్లెల్లోనే పోయేవి అనుకునేవాళ్ళం.

తొండవాడ మాస్టారు:
జాజర విషయం ఒప్పుకుంటాను. చిత్తజ మాత్రం సంస్కృత సమాసం నాయనా, అందులోంచి చిత్తును విరిచి తీయలేం. గొబ్బి అన్నావు కాబట్టి అడుగుతున్నా, "కొలని దోపరికి గొబ్బిళ్ళో" లో దోపరి ఏం దోచాడు అని పిల్లలకు చెబుతావు?

తాళ్ళపాక దారి:
కొలను దగ్గర దోచింది చీరలు, వేరే అర్థమే లేదు.

తొండవాడ మాస్టారు:
చీరలు అని పాటలో లేదు. కొలని దగ్గర దోచాడని మాత్రమే ఉంది. మనసులు అని చెబితే ఏం తప్పు? ఆ ఖాళీ అన్నమయ్య కావాలనే వదిలాడు, దాన్ని నింపే హక్కు పాడే మనిషికి ఉంది.

చిత్తూరు బెల్లం:
అయితే చిత్తును నింపే హక్కు నాకూ ఉన్నట్టే కదా మాస్టారూ.

కపిలతీర్థం రోడ్డు:
అన్నీ చదివాను, చాలా సంతోషంగా ఉంది, కానీ మా ఆవిడ పక్కనే ఉండి వెలదా వనితా అని అడుగుతోంది. యతి ప్రకారం వెలది, వరంగల్ ఇంట్లో వనిత. ఏదో ఒకటి చెప్పండి, ఈసారి పెత్రమాసకు మేమే చిన్నది పేరుద్దామనుకుంటున్నాం, తప్పు పాడకూడదు.

ఓరుగల్లు కోడలు:
ఉండబట్టలేక ఇప్పుడే ఊళ్ళో మా చిన్నమ్మకు ఫోన్ చేశా. పాటంతా పాడమన్నా. విన్నది విన్నట్టు రాస్తున్నా, "వెండి బిందె తీసుక వదినె నీళ్ళకు పోతే". వదినె! వెలదీ లేదు, వనితా లేదు. మళ్ళీ పాడించా, మళ్ళీ వదినే. చిన్నప్పటి నుంచి ఇట్లనే పాడతాం అంటోంది.

యతిస్థానం:
మూడు మాత్రలు సరిపోయాయి. వె, వ దగ్గర మళ్ళీ అదే చిక్కు. వెలది అర్థం కాని తరం దాన్ని వదినె చేసుకుని ఉంటుంది.

చిత్తూరు బెల్లం:
తలకిందులుగా కూడా జరగొచ్చు కదా. వదినె అని ఆడవాళ్ళు పాడుకున్న పాటను ఎవరో చదువుకున్నాయన రాసుకునేటప్పుడు వెలది అని దిద్ది ఉండొచ్చు. రమణి, పడతి, ముదిత, ఇవి ఏ వాడలో ఏ ఆడమనిషి ఇంకో ఆడమనిషిని పిలిచే మాటలు? బిందె ఎత్తుకుని నీళ్ళకు పోయేది వదినే.

యతిస్థానం:
ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆలోచిస్తాను.

కపిలతీర్థం రోడ్డు:
అక్కా, సద్దుల నాడు మీ చిన్నమ్మ పాడేటప్పుడు ఎవరిచేతనైనా ఫోన్లో రికార్డు చేయించి ఇక్కడ పెట్టండి. చిత్తు దగ్గర త్తు పొట్టిదో పొడుగుదో అది కూడా వినాలి.