మిథనాల్, అసిటోన్, ఐపీఏ ఒకేచోట పడుతున్నాయి: కాలమ్ పొడవు పెంచాలా, ఫేజ్ మార్చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్ క్యూసీలో పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ హెచ్‌పీఎల్‌సీ (ద్రవంతో పదార్థాలను విడదీసే పరికరం) చూశాను, ఈ నెల నుంచి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ, గ్యాస్‌తో విడదీసేది) అప్పగించారు. రెసిడ్యువల్ సాల్వెంట్స్, అంటే మందులో మిగిలిపోయిన ద్రావకాల పరీక్ష చేయాలి: మిథనాల్, అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), డైక్లోరోమీథేన్, ట్రైఇథైల్ అమైన్. ల్యాబ్‌లో ఉన్నది 5 శాతం ఫినైల్ కాలమ్ (లోపలి గోడకు ఫేజ్ అనే పూత ఉన్న సన్నని గొట్టం), 30 మీటర్లు, లోపలి వ్యాసం 0.25 మి.మీ., ఫిల్మ్, అంటే ఆ పూత మందం 0.25 మైక్రాన్. హెడ్‌స్పేస్ (శాంపిల్ పైన చేరిన ఆవిరిని పంపే పద్ధతి), ఎఫ్ఐడీ (మంటతో పనిచేసే డిటెక్టర్), క్యారియర్ గ్యాస్ హీలియం సెకనుకు 30 సెం.మీ., ఓవెన్ 40 డిగ్రీలు. మిథనాల్ 1.75 నిమిషాలకు వస్తోంది. 1.9 దగ్గర అసిటోన్, ఐపీఏ కలిసిపోయి ఒకే పీక్‌లా కనిపిస్తున్నాయి. మూడు రోజులుగా ఓవెన్ టెంపరేచర్ ప్రోగ్రాం మారుస్తూనే ఉన్నాను, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు 1:
60 మీటర్ల కాలమ్ వేసి చూడండి బ్రదర్. పొడవు పెరిగితే విడిపోతాయి.

జవాబు 2:
తమ్ముడూ, ముందు ఒక చిన్న లెక్క చూడు. సెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున గ్యాస్ 30 మీటర్లు దాటడానికే 100 సెకన్లు పడుతుంది, అంటే 1.67 నిమిషాలు. నీ మిథనాల్ 1.75కి వస్తోందంటే అది ఫేజ్‌లో ఆగింది అయిదు సెకన్లే. అసిటోన్ ఆగింది పద్నాలుగు సెకన్లు. ఆగని చోట విడిపోవడం ఉండదు. నువ్వు ప్రోగ్రాం ఎంత మార్చినా ఫలితం లేకపోవడానికి కారణం అదే.

పొడవు సంగతి. పొడవు రెట్టింపైతే రెసొల్యూషన్ (పీక్‌లు ఎంత విడిపోయాయో చెప్పే అంకె) రెట్టింపు కాదు, 1.4 రెట్లే అవుతుంది. రన్ టైమ్ మాత్రం రెట్టింపు, ఖరీదూ దాదాపు అంతే. పూర్తిగా కలిసిపోయిన జంటకు 1.4 రెట్లు సరిపోవు.

నీకు కావలసింది మందమైన ఫిల్మ్. లోపలి వ్యాసార్థాన్ని ఫిల్మ్ మందానికి రెట్టింపుతో భాగిస్తే ఫేజ్ రేషియో వస్తుంది. నీ కాలమ్‌కి అది 250. అదే 0.32 మి.మీ., 1.8 మైక్రాన్ కాలమ్‌కి 44. ఈ అంకె తగ్గినకొద్దీ సాల్వెంట్ ఎక్కువసేపు ఆగుతుంది. ఫేజ్, టెంపరేచర్, గ్యాస్ వేగం మారకపోతే పద్నాలుగు సెకన్లు ఆగిన అసిటోన్ దాదాపు ఎనభై సెకన్లు ఆగుతుంది. ఇంకో సంగతి గమనించు: 0.25 మి.మీ. కాలమ్‌కి 1.4 మైక్రాన్ ఫిల్మ్, 0.32కి 1.8, 0.53కి 3.0. మూడింటికీ ఫేజ్ రేషియో 44 దగ్గరే వస్తుంది. అందుకే ఒక సైజు నుంచి ఇంకో సైజుకి మారినా పీక్‌ల వరుస పెద్దగా చెదరదు. కంపెనీలు ఈ సైజుల్లోనే అమ్మడం నాకు మొదట్లో వింతగా ఉండేది, లెక్క వేశాకే అర్థమైంది.

ఇక ఫేజ్. అసిటోన్ 56 డిగ్రీలకు మరుగుతుంది, ఐపీఏ 82కి. ఇంత తేడా ఉన్నా 5 శాతం ఫినైల్ మీద దాదాపు ఒకేసారి వస్తున్నాయి, ఎందుకంటే ఐపీఏలోని ఓహెచ్‌ని పట్టుకునేది ఆ ఫేజ్‌లో ఏమీ లేదు. అందుకే యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం) ఈ పనికి జీ43 అనే ఫేజ్ చెబుతుంది: 6 శాతం సయనోప్రొపైల్ ఫినైల్, 94 శాతం డైమిథైల్ సిలాక్సేన్. మనం 624 కాలమ్ అనేది ఇదే. దీని మీద కూడా అసిటోన్, ఐపీఏ పక్కపక్కనే వస్తాయి, కానీ 40 డిగ్రీల దగ్గర ఓపిగ్గా ఆపితే విడిపోతాయి. యూఎస్‌పీ ప్రోగ్రాంలో 40 దగ్గర 20 నిమిషాలు ఆపేది ఊరికే కాదు. అనుమానం మిగిలితే వ్యాక్స్ కాలమ్ (పాలీఇథిలిన్ గ్లైకాల్ ఫేజ్), అంటే జీ16 మీద సరిచూసుకో. 624 మీద మిథనాల్ అసిటోన్ కంటే ముందు వస్తుంది, వ్యాక్స్ మీద వెనక వస్తుంది. వరుస అలా తిరగబడితే పీక్ ఎవరిదో నమ్మకంగా చెప్పొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సార్. స్టోర్స్‌లో 624 కాలమ్, 0.32 × 1.8, సీల్ తీయనిది ఒకటి దొరికింది. నేనెప్పుడూ క్యాపిలరీ కాలమ్ బిగించలేదు. ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు 2:
కోతలోనే అంతా ఉంది. ముందు నట్, ఫెర్రూల్ (కాలమ్ చుట్టూ బిగిసే గ్రాఫైట్ వలయం) ఎక్కించు, ఆ తర్వాతే కొస కోయి. లేకపోతే ఫెర్రూల్ గీరుకున్న గ్రాఫైట్ పొడి కాలమ్ లోపలికి పోతుంది. సెరామిక్ వేఫర్‌తో కాలమ్ బయటి గోధుమరంగు పూత మీద ఒక్క గీత గీసి, మెల్లగా వంచితే అదే విరుగుతుంది. రంపంలా లాగకు. కొసను భూతద్దం కింద పెట్టి చూడు: గుండ్రంగా, నిటారుగా, అద్దంలా ఉండాలి. ఒకవైపు చిన్న ముల్లులా పొడుచుకొచ్చినా, పూత పీచులా వేలాడినా మళ్లీ కోయి. అయిదు సెంటీమీటర్లు పోతే పోనీ.

ఇన్‌లెట్‌లోకి ఎంత దూరం పెట్టాలో నీ మెషీన్ మాన్యువల్‌లో ఉంటుంది, కంటి అంచనాతో పెట్టొద్దు. వేడి చేసే ముందు ఓవెన్ చల్లగా ఉంచి, కనీసం పావుగంట క్యారియర్ పోనివ్వు. లోపల గాలి మిగిలి ఉండగా వేడి చేస్తే ఆక్సిజన్ ఫేజ్‌ని తినేస్తుంది, ఆ తర్వాత బేస్‌లైన్ ఎప్పటికీ దిగదు. కండిషనింగ్ (వాడే ముందు కాలమ్‌ని వేడిచేసి శుభ్రం చేయడం) అప్పుడు డిటెక్టర్ కొస బిగించకు. క్యారియర్ హైడ్రోజన్ అయితే మాత్రం ఆ కొసను ఓవెన్‌లోకి వదలొద్దు, పేలే ప్రమాదం ఉంది. లేబుల్ మీద ఉన్న గరిష్ఠ టెంపరేచర్ దాటొద్దు.

ప్రశ్న అడిగినవారు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను సార్. రెండుసార్లు కోసి బిగించాను. మొదటి కోతకి భూతద్దంలో ముల్లు స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు మిథనాల్, అసిటోన్, ఐపీఏ, డైక్లోరోమీథేన్ నాలుగూ విడివిడిగా, నిటారుగా వస్తున్నాయి. ట్రైఇథైల్ అమైన్ ఒక్కటే తోక లాగుతోంది. మళ్లీ బిగించాలా?

జవాబు 2:
సంతోషం తమ్ముడూ. వద్దు, కాలమ్ ముట్టుకోకు. బిగింపులో తప్పుంటే అన్ని పీక్‌లకూ తోక వస్తుంది, ముందు వచ్చేవాటికి మరీ ఎక్కువ. ఒక్క అమైన్‌కే వస్తోందంటే అది క్షారం కాబట్టి గాజు మీద మిగిలిన ఆమ్ల గుణమున్న సిలనాల్ (సిలికాన్‌కి అంటిన ఓహెచ్) చోట్లు దాన్ని పట్టుకుంటున్నాయి. లైనర్ (ఇన్‌లెట్‌లోని గాజు గొట్టం) కొత్తది, డీయాక్టివేట్ చేసినది, అంటే ఆ చోట్లు కప్పేసినది వేసి చూడు. అప్పటికీ పోకపోతే అమైన్‌ల కోసమే చేసిన కాలమ్ మీద దానికి వేరే మెథడ్ పెట్టుకో. మిగతా నాలుగింటికీ ఈ 624నే ఉంచు.