పాత మోటార్‌హోమ్‌ను డీలరు ఎంతవరకు శుభ్రం చేసి ఇవ్వాలి?

మేము టెక్సస్‌లో ఉంటాం. ఒక డీలరు దగ్గర 2017 నాటి మోటార్‌హోమ్ (వంటగది, పడక, మరుగుదొడ్డి లోపలే ఉండే ఇల్లులాంటి బండి) నచ్చి అడ్వాన్సు ఇచ్చాం. ఇంజను, టైర్లు బాగున్నాయి. నా బెంగంతా లోపలి సంగతి గురించే. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో నల్లటి బూజు, పొయ్యి కింద గడ్డకట్టిన నూనె జిడ్డు, పరుపు ఎత్తితే కుక్క వెంట్రుకలు. మా అమ్మాయికి ఉబ్బసం, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. అడిగితే ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం’ అంటున్నారు. మరి బిల్లులో శుభ్రం చేసినందుకు రుసుము ఎందుకు వేసినట్టు? డబ్బు తీసుకుంటే పని చేసి తీరాలి కదా!

మరుగుదొడ్డి ట్యాంకు కడిగించడం, మంచినీళ్ల ట్యాంకునూ గొట్టాలనూ బ్లీచ్ కలిపిన నీటితో శుద్ధి చేయడం డీలరు బాధ్యతేనా, మనమే చేసుకోవాలా? ఆ బూజు పైకప్పు కారడం వల్ల వచ్చిందేమో ఎలా కనిపెట్టాలి? సంతకం పెట్టేముందు ఏమేమి కాగితం మీద రాయించుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.