పదో తరగతి బాబు, ఏడో తరగతి పాప: విడిపోతున్న సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలి?

కృష్ణలంక_అమ్మ:
ఇద్దరం ఒప్పుకునే విడిపోతున్నాం. కొట్లాటలు, పోలీసు కేసులు లేవు. జనవరి చివర్లో ఆయన వేరే ఇంటికి మారుతున్నారు. బాబుకి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అవి అయ్యేదాకా నాన్న క్యాంపుకెళ్లారని చెప్పమంటున్నారు మావాళ్లు. అలా చెప్పొచ్చా? పిల్లల్ని కోర్టుకి పిలుస్తారా? కాగితాల్లో వాళ్ల గురించి ఏం రాయించుకోవాలి?

బడిగంట:
క్యాంపు కథ వద్దండీ. బీరువాలో నాన్న చొక్కాలు లేకపోతే పదిహేనేళ్లవాడికి అర్థం కాదా? ప్రీ-ఫైనల్స్ మధ్యలో ఏ పిన్ని నోటో బయటపడితే ఇక మీరు చెప్పే ఏ మాటా నమ్మడు. ఆయన మారడానికి రెండు వారాల ముందు చెప్పండి. ఇంకా ముందైతే "మనసు మార్చుకుంటారేమో" అని రోజూ ఎదురుచూస్తారు. ముందురోజైతే సర్దుకునే వ్యవధి ఉండదు.

ట్యూషన్ లేని శనివారం పొద్దున, మీరిద్దరూ కూర్చుని పిల్లలిద్దరికీ ఒకేసారి చెప్పండి. ముందు వాడికి చెప్పి "చెల్లికి తెలియనీకు" అంటే ఆ బరువంతా వాడి నెత్తినే. పది నిమిషాలు చాలు: విడిగా ఉండాలనుకున్నాం, మీ వల్ల కాదు, ఇల్లూ బడీ మారవు, నాన్న ఫలానా చోట ఉంటారు, ఫలానా రోజుల్లో కలుస్తారు. "ఎవరిది తప్పు?" అని గుచ్చి అడుగుతాడు. "అది మా ఇద్దరి సంగతి, నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు" అనండి. తలుపేసుకుంటే వెంటపడొద్దు. అసలు ప్రశ్నలు తర్వాత వస్తాయి, అన్నం తింటూనో బండి మీద వెనక కూర్చునో: "ఇంటర్ ఫీజు ఎవరు కడతారు? ఫ్రెండ్స్‌కి ఏం చెప్పను?" వాటికి సూటిగా జవాబివ్వండి.

కోర్టుమెట్లు:
పరస్పర అంగీకారం కేసుల్లో మామూలుగా పిల్లల్ని పిలవరు. హిందూ వివాహ చట్టం 13బి కింద పిటిషన్ వేయాలంటే ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తలుగా మెలగకపోతే విడిగా ఉన్నట్టే లెక్క. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

కస్టడీ మీద, అంటే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద, పేచీ వస్తే మాత్రం వేరే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17(3) ప్రకారం, ఆలోచించి చెప్పగల వయసుంటే పిల్లల ఇష్టాన్ని జడ్జి లెక్కలోకి తీసుకోవచ్చు. చాంబర్లో విడిగా మాట్లాడే వీలుంది. అయినా పిల్లల ఇష్టమే తుది మాట కాదు, వాళ్ల మేలు చూస్తారు. దయచేసి మాటలు నేర్పి పంపకండి. పదిహేనేళ్లవాడు "నాకు మానసిక క్షోభ కలుగుతోంది సార్" అంటే అది పిటిషన్ భాషని జడ్జికి ఇట్టే తెలిసిపోతుంది.

ఒప్పందంలో ముఖ్యమైనది చదువు ఖర్చు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద కొడుక్కి పోషణ హక్కు 18 ఏళ్ల వరకే. కూతురికైతే సొంత ఆదాయం లేకపోతే పెళ్లయ్యేదాకా ఉంటుంది. అంటే బాబు ఇంజనీరింగ్ మొదలయ్యేసరికి గడువు తీరిపోతుంది. అందుకే "డిగ్రీ పూర్తయ్యేదాకా" అని రాయించండి. ఇంటర్, కోచింగ్, హాస్టల్ ఫీజుల్లో ఎవరి వాటా ఎంత, ఏ తేదీలోపు కట్టాలి అన్నవీ ఉండాలి. నాన్న కలిసే వేళల్ని "ప్రతి ఆదివారం 10 నుంచి 6" అని బిగించొద్దు, స్లిప్ టెస్టులొచ్చాయంటే మొదటి నెలలోనే తప్పుతుంది. నెలకి ఇన్ని రోజులు, సంక్రాంతి ఇక్కడ, దసరా అక్కడ, వేసవి సెలవులు సగం సగం అనండి. హాస్టల్లో వేస్తే విజిటర్ కార్డులో ఇద్దరి ఫొటోలు, ఫోన్ నంబర్లు ఉండాలి. లేకపోతే ఔటింగ్ రోజు ఒకరిని గేటు దగ్గరే ఆపేస్తారు.

కృష్ణలంక_అమ్మ:
చాలా థాంక్సండీ. మా నాన్నగారేమో ఇప్పటికే బాబుతో "ఇక ఇంటికి మగదిక్కువి నువ్వే" అంటున్నారు.

రెండిళ్ల_క్యాలెండర్:
ఆ మాట ఈరోజే ఆపించండి. వాడు చదువు పక్కనపెట్టి మీకు కాపలా కాస్తాడు. "నాన్నని ఫీజడుగు" అని కబురు పంపడమూ అలాంటిదే. పిల్లల విషయాలకే మీ ఇద్దరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. ఫీజు రసీదు ఫొటో, మొత్తం, గడువు తేదీ, అంతే. పాత గొడవలు అందులోకి రాకూడదు.

నిద్ర, తిండి, మార్కులు రెండు వారాలకు మించి దెబ్బతింటే కౌన్సెలర్‌కి చూపించండి. చచ్చిపోవాలనుంది అన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 ఉచితం, 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు.

రెండిళ్లలో అన్ని రూల్సూ ఒకేలా ఉండక్కర్లేదు. రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెట్టాలన్నది మాత్రం ఒకే టైము పెట్టుకోండి. అది తేడా వస్తే ఫోన్ ఎక్కువసేపు ఇచ్చే ఇంట్లోనే ఉంటామంటారు.